ఒక్క ఆదివారం 31 మూతలు

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలో 26 ఏళ్లుగా పెయింటింగ్ మేస్త్రీని. రంగుల డబ్బాల్లో మేస్త్రీల కోసం కంపెనీ పెట్టే టోకెన్ల గురించి ఈ ఉత్తరం. ఒకప్పుడు టోకెను షాపులో ఇస్తే డబ్బు చేతికొచ్చేది. ఇప్పుడు మూత లోపల క్యూఆర్ కోడ్ ఉంటోంది. కంపెనీ యాప్‌లో స్కాన్ చేస్తే పాయింట్లు పడతాయి, వాటిని బ్యాంకు ఖాతాకి మళ్లించుకోవచ్చు. ఈ డబ్బు చివరికి ఇంటాయన జేబులోంచే పోతుందని నాకూ తెలుసు, దాని మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు.

సంక్రాంతి ముందు రెండంతస్తుల ఇల్లు చేశాం. పనిలో ఉన్నంతసేపూ చేతులనిండా లప్పమే, ఫోను ముట్టుకునే వీలుండదు. అందుకని మూతలు తుడిచి గోనెసంచిలో వేసుకుంటాం. పని అయ్యాక ఆదివారం పూట కూర్చుని వరసగా స్కాన్ చేసుకుంటాం. మా ఊళ్లో మేస్త్రీలందరిదీ ఇదే అలవాటు. ఆ రోజు నా దగ్గర 31 మూతలున్నాయి. 22వ దాని దగ్గర ‘అసాధారణ కార్యకలాపం గుర్తించాం, మీ ఖాతా నిలిపివేశాం’ అని వచ్చింది. అంతకుముందు నెలల తరబడి పోగేసిన 4,600 పాయింట్లు కూడా అందులోనే ఇరుక్కున్నాయి. నేనెవరో తెలియకా అంటే, పాన్ కార్డూ పాసుబుక్కూ ఎప్పుడో ఇచ్చాను. 2022 జులై నుంచి ఇలాంటి లాభాలు ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తున్నారు కదా, దానికోసమే తీసుకున్నారు.

దొంగతనం జరగడం లేదని నేననను. కొత్త డబ్బాకి ‘ఈ కోడ్ ఇప్పటికే వాడారు’ అని నాకే రెండుసార్లు వచ్చింది. రంగు కలిపే మిషను దగ్గర బేస్ డబ్బా మూత షాపులోనే తీస్తారు. అక్కడ ఎవరి ఫోను ముందు పడిందో మాకెలా తెలుస్తుంది? కంపెనీకి తెలుస్తుంది. ఏ ఫోనులో, ఏ పూట స్కాన్ అయిందో వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది, ఏ సరుకు ఏ డీలరుకు పంపారో బిల్లుల్లో ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే షాపు సరుకు నెలల తరబడి ఒకే ఫోన్లో పడుతుంటే దొరికిపోదా? వాళ్లు మాత్రం ఒక పూటలో ఎన్ని స్కాన్ అయ్యాయో అదే లెక్కపెడుతున్నట్టుంది. రోజుకి రెండు మూడు చొప్పున నొక్కేసేవాడు ఆ లెక్కకి ఎప్పటికీ చిక్కడు. ఆదివారం పూట సంచి కుమ్మరించుకున్న మేస్త్రీ చిక్కుతాడు.

కస్టమర్ కేర్‌లో మనిషి గొంతు వినపడలేదు. విసుగొచ్చి కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో నా గోడు మొత్తం రాసి కింద ఫోను నంబరు పెట్టాను. అది నా తప్పే. నాలుగో రోజు ఎవడో ఫోన్ చేసి, పాయింట్లు విడిపిస్తానని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లోకి యాప్ ఎక్కించేది) పంపాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి చూసి ఫోను లాక్కోబట్టి సరిపోయింది, లేకపోతే నేను కూడా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఏడ్చేవాణ్ణి. ఖాతా ఆపి, ఎందుకో చెప్పకుండా మనిషిని గాల్లో ఉంచితే వాడు ఇలాంటివాళ్ల చేతిలోనే పడతాడు.

అనుమానం వస్తే ఆ మూతల పాయింట్లే ఆపండి, పాతవాటి జోలికి రావద్దు. కారణం తెలుగులో రెండు ముక్కలు రాయండి. ఆపినన్ని రోజులూ పాయింట్ల గడువులో లెక్కించకండి. ఈ రూల్సు రాసేవాళ్లు ఒక్కరోజు మా సైటుకొస్తే టీ నేనే ఇప్పిస్తాను.

11వ రోజున ఖాతా తెరుచుకుంది. ఎందుకు మూశారో చెప్పలేదు, ఎందుకు తెరిచారో కూడా చెప్పలేదు. మిగిలిన పది మూతలూ ఇప్పుడు రోజుకి రెండు చొప్పున స్కాన్ చేస్తున్నాను, అచ్చం ఆ దొంగలాగే.

– ఒక పెయింటింగ్ మేస్త్రీ, తెనాలి