ఇల్లు నాదే, పని మాత్రం వీళ్లది

మొన్న మా ఇంటి ఫోటోలు పెట్టాక చాలామంది ఫోన్ చేశారు. "డిజైనర్ సొంతిల్లు కదా, ఆ మాత్రం ఉంటుందిలే" అని మెచ్చుకున్నారు. సంతోషమే. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ కొంచెం సిగ్గేసింది. ఆ ఇంట్లో బాగా కుదిరినవాటిలో చాలా వరకు, నేను గీసిన గీతను ఎవరో ఒకరు కొట్టేయడం వల్ల కుదిరినవే. వాళ్లకు అందరి ముందూ థాంక్స్ చెప్పుకుందామని రాస్తున్నాను.

ముందుగా మేస్త్రీ గారికి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేయాలన్నది నా ప్లాన్‌లో మొట్టమొదటి పని. వేరేవాళ్ల ఇల్లయితే టేపు పెట్టి కొలవకుండా గోడ మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వను. ఇది నేను పుట్టి పెరిగిన ఇల్లు, ఈ గోడ నాకు తెలియకపోవడమేమిటి అనుకుని, బరువు మోయని 4.5 అంగుళాల అడ్డుగోడ అని డ్రాయింగులో రాసేశాను. పగలగొట్టాల్సిన రోజు మేస్త్రీ గారు గుమ్మం దగ్గర టేపు పెట్టి చూసి సుత్తి కింద పెట్టేశారు. "పూత పోను 9 అంగుళాలుందమ్మా. పైన బీము కూడా కనబడట్లేదు. ఇంజనీరు గారు చూసేదాకా నేను ముట్టుకోను" అన్నారు. ఆ రోజు కూలి పోతుందని తెలిసే అన్నారు. నాకేమో కోపం వచ్చింది, ఒప్పుకుంటున్నాను.

తర్వాత నాన్న స్నేహితుడు, రిటైరైన స్ట్రక్చరల్ ఇంజనీరు గారికి. స్లాబు బరువు ఆ గోడ మీదే దిగుతోందని ఆయన చూడగానే చెప్పారు. అలాగని వద్దనలేదు. ఇరువైపులా జాకీలు నిలబెట్టించి, గోడను కొంచెం కొంచెంగా విప్పించి, రెండు చివరలా కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటి మీద ఉక్కు బీము ఎక్కించారు. బీముకీ స్లాబుకీ మధ్య సందులో, ఆరాక కుంచించుకుపోని గ్రౌటు (సందులు నింపే సిమెంటు ముద్ద) దట్టించారు. జాకీలు ఎప్పుడు తీద్దామని రోజూ ఆయన ప్రాణం తీసేదాన్ని. కాంక్రీటు 7 రోజులకు దాని బలంలో సుమారు మూడింట రెండు వంతులే అందుకుంటుంది, లెక్క చూసేది 28 రోజులకు. క్లయింట్లు తొందరపడితే నేను చెప్పే పాఠమే ఇది. నాకు ఆయన చెప్పాల్సి వచ్చింది. ఫీజు ఎంతని అడిగితే మాట మార్చేశారు.

వంటింటి విషయంలో అమ్మకీ, మా కార్పెంటర్‌కీ. గట్టు ఎత్తు అలవాటుగా 36 అంగుళాలని గీసేశాను. అమ్మ నా ల్యాప్‌టాప్‌లో బొమ్మలన్నీ చూసి, "ఈ వంటిళ్లలో ఎవరూ వంట చేస్తున్నట్టు లేరేంటే?" అంది. అప్పుడు నిలబెట్టి కొలిచాను. మోచేతి ఎత్తు నుంచి 4 నుంచి 6 అంగుళాలు తగ్గిస్తే గట్టు చేతికి హాయిగా ఉంటుందని మా లెక్క. అమ్మకు 32 చాలు. ఆ ఎత్తులో నాకూ, వదినకూ నడుము విరుగుతుంది. రెండు రోజులు ఇదే పంచాయితీ. కార్పెంటర్ విని విని, "పొయ్యి, కూరలు తరిగే చోటు అమ్మగారి ఎత్తుకి పెట్టేద్దాం మేడమ్. సింకులో చెయ్యి ఎలాగూ లోపలికి దిగుతుంది, ఆ వైపు మీ ఎత్తుకి లేపుకోండి" అన్నాడు. పదిహేనేళ్లుగా వంటిళ్లు గీస్తున్నాను, నాకు తట్టలేదు! ఇప్పుడు అందరూ ఫోటో చూసి అడుగుతున్నది ఆ రెండు ఎత్తుల గట్టు గురించే. ఐడియా నాది కాదు.

పని జరిగినన్నాళ్లూ మా అందరికీ తన ఇంట్లో చోటిచ్చిన అక్కకి ఏం చెప్పినా తక్కువే. "మీ ఇల్లు అయ్యాకే మాది మొదలుపెట్టండి" అని ఆగిన ఇద్దరు క్లయింట్లకి, నా డ్రాయింగులను పరాయివాళ్లవిలా తప్పులు పట్టిన ఆఫీసు పిల్లలకి కూడా చాలా థాంక్స్.

చివరగా ప్లంబర్‌కి. వెనక గదిలో ఒక గోడకు ఎప్పుడూ చెమ్మే. ఎన్నిసార్లు రంగు వేసినా ఉప్పు పేరి పెచ్చులూడేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చెక్క ప్యానెల్ కొట్టి కప్పేద్దామనుకున్నాను. అతను ఒప్పుకోలేదు. రాత్రి కుళాయిలన్నీ కట్టించి, నీళ్ల మీటరు అంకె రాసుకుని వెళ్లాడు. పొద్దున్న వచ్చి చూస్తే అంకె కదిలింది. గోడ అవతల బాత్‌రూంలో, టైల్స్ వెనక, పైపు మలుపులో ఉండే ఎల్బో దగ్గర సన్నగా కారుతోంది. ఆదివారమని కూడా చూడకుండా ఆ రోజే బాగుచేశాడు.

తడిసిన గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల పడుతుందని అంచనా. అందుకే పాత పూత చెక్కేసి దాన్ని అలాగే వదిలేశాం. ఫోటోల్లో ఆ బోసి ఇటుకలు పడకుండా కెమెరా పక్కకు తిప్పింది నేనే. నిన్న కూడా ప్లంబర్ ఇటుగా వెళుతూ లోపలికొచ్చి, అరచేత్తో గోడ తడిమి, "ఇంకా ఆగాలి మేడమ్" అని చెప్పి వెళ్లాడు.