తన్నిన సొట్ట

చిత్తూరు
ఆదివారం రాత్రి

పాపా,

కారు పని చాలావరకు అయిపోయింది. సొట్ట తీసి, పుట్టీ పెట్టి, వాటర్ పేపర్ పట్టి, ప్రైమర్ కొట్టి ఆరబెట్టాను. రంగు రేపు కొడతాను.

పార్కింగులో ఆటో తగిలిందని ఫోన్లో చెప్పావు. ఆటో తగిలితే గీత పడుతుంది, దాని రంగు కొంచెమన్నా మన రేకుకు అంటుకుంటుంది, సొట్ట ఒక పక్కకు లాగినట్టు ఉంటుంది. నీ డ్రైవర్ డోరు మీద గీత అన్నదే లేదు. హ్యాండిల్‌కు జానెడు కింద గుండ్రంగా లోపలికి పోయింది, పై అంచున దుమ్ములో చెప్పు మడమ అచ్చు కూడా ఉంది. ఇన్నేళ్లుగా టింకరింగ్ చేస్తున్నవాడికి బండి తగిలిన సొట్టేదో, కాలితో తన్నిన సొట్టేదో తెలియదనుకున్నావా? నిన్ను అడిగితే మళ్లీ ఆటో కథే చెప్తావని మీ తమ్ముణ్ణి అడిగాను. వాణ్ణి ఏమీ అనొద్దు. నేనే గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాను.

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర వెనక నుంచి పెద్ద కారు ఒకటి హారన్ మీద చెయ్యి తీయకుండా వచ్చిందట. ఎడమ పక్క సందులోంచి దూరి నీ పక్కకు వచ్చి, అద్దం దించి "ఆడోళ్లకు బండ్లెందుకు, ఇంట్లో ఉండక" అన్నాడట. నువ్వు వెంటపడి పోయి, తర్వాతి సిగ్నల్ దగ్గర వాడి ముందు కారు అడ్డం పెట్టావట. వాడు దిగి వచ్చి తన్నాడు. నువ్వూ దిగబోతుంటే పక్కనున్న ఆటో అతను మన డోరును బయట నుంచి అదిమి పట్టుకుని "దిగొద్దు మ్మా, దిగొద్దు" అన్నాడట. ఆ అబ్బాయి ఎవరో గానీ, మీ అమ్మ అప్పటినుంచి రోజూ దీపం పెట్టేటప్పుడు వాణ్ణి కూడా చల్లగా చూడమని మొక్కుకుంటోంది.

ఒక మాట ముందే చెప్తాను. నువ్వు ఆడపిల్లవు కాబట్టి తల వంచుకుని పొమ్మని రాయడం లేదు. ఈ ఉత్తరంలో ఉన్నదంతా మీ తమ్ముడికి బైకు కొనిచ్చిన రోజే వాడికి చెప్పాను, వాడు సగం విన్నాడు. ఆ మాట అన్నవాడిది తప్పే. నేనున్నా నా ఒళ్లు మండేది. అయితే వాడు నోరు జారి అన్న ఒక్క మాటకు జవాబు చెప్పడానికి నువ్వు టన్ను బరువున్న కారును వాడి ముందు అడ్డం పెట్టావు. ఆ సమయంలో వాడి కాలు బ్రేకు మీద కాకుండా ఇంకోదాని మీద పడి ఉంటే నేను ఇప్పుడు డోరు పని చేస్తూ ఉండేవాణ్ణి కాదు.

షెడ్డుకు వచ్చేవాళ్ల గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. రెండు బండ్లు తగులుకుంటాయి, ఇద్దరూ రోడ్డు మధ్యలో దిగుతారు, వెనక అరకిలోమీటరు ట్రాఫిక్ నిలబడిపోతుంది, చొక్కాలు పట్టుకుంటారు. పెద్దమనుషులెవరో సర్ది చెప్పి ఇద్దర్నీ నా దగ్గరికి పంపిస్తారు. "ఎంతవుతుంది మేస్త్రీ" అని అడుగుతారు. నేను చెప్తాను. "ఇంతేనా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చిరిగిన చొక్కా ఖరీదే అంతకంటే ఎక్కువ ఉంటుంది ఒక్కోసారి. చిన్న సొట్టకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చాలామంది పెట్టరు. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే మరుసటి ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 20 శాతం తగ్గుతుంది, అయిదేళ్లు గడిస్తే 50 శాతం దాకా పోతుంది. రెండు వేల పనికి దాన్ని పోగొట్టుకోవడం ఎందుకని చేతి డబ్బులిచ్చి చేయించుకుని పోతారు. రోడ్డు మీద మాత్రం ఇంత లెక్క ఎవరికీ గుర్తుకు రాదు.

క్రికెటర్ సిద్ధూ తెలుసు కదా, టీవీలో పగలబడి నవ్వుతూ కూర్చునే మనిషి. 1988 డిసెంబరులో పాటియాలాలో రోడ్డు మధ్యలో ఆపి ఉన్న బండి దగ్గర మాటామాటా పెరిగి 65 ఏళ్ల పెద్దాయన్ని కొట్టాడు. ఆయన చనిపోయాడు. కింది కోర్టు 1999లో కేసు కొట్టేసింది. 2006లో హైకోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో వదిలిపెట్టింది. చనిపోయినాయన ఇంటివాళ్లు ఊరుకోలేదు, మళ్లీ పిటిషన్ వేశారు. 2022 మేలో అదే సుప్రీంకోర్టు ఏడాది కఠిన జైలు శిక్ష వేసింది. ఈ మధ్యలో ఆయన ఎంపీ అయ్యాడు, మంత్రి అయ్యాడు, పార్టీకి రాష్ట్ర అధ్యక్షుడు కూడా అయ్యాడు. అయినా ఆ రోజు ఆయన్ని వదల్లేదు. దెబ్బ తిన్నాయన ఇంట్లోనూ ఆ ముప్పై నాలుగేళ్లూ అదే రోజు నడిచింది. ఆ గొడవ ఎంతసేపు జరిగి ఉంటుంది చెప్పు? నీ సిగ్నల్ దగ్గర జరిగినంతసేపే.

తిరుపతిలో బండి నడపడం వేరే ఊళ్లలో నడపడం కాదు, అది నిజమే. తెల్లవారుజామున చెన్నైలో బయల్దేరి, దర్శనం చేయించి, అదే రాత్రికి వెనక్కి తీసుకుపోయే ప్యాకేజీ బండ్లు ఎన్ని తిరుగుతుంటాయో చూస్తూనే ఉంటావు. డ్రైవర్ నిన్న కూడా అదే ట్రిప్పు వేసి ఉంటాడు. బెంగళూరు నుంచి రాత్రంతా నడిపి వచ్చినవాడు, కపిలతీర్థం రోడ్డులో దారి తెలియక ఫోను చూస్తూ సడన్‌గా ఆగిపోతాడు. వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటారు, ముసలాళ్లు బాత్‌రూం ఎక్కడని అడుగుతుంటారు. అలాంటివాడు హారన్ కొట్టాడంటే నిన్ను కొట్టినట్టు కాదు. నిద్ర లేనివాడికి ఎదురుగా ఏది కనిపించినా విసుగే. వాణ్ణి సమర్థించడానికి చెప్పడం లేదు, వాడి కోపంలో నీకు వాటా లేదని చెప్తున్నాను.

లోకల్ వాళ్ల సంగతి వేరు. అద్దం మీద మూడు నామాలు, నోట్లో బూతులు. వీళ్లు నాకు బాగా తెలుసు, నా కస్టమర్లే. వీళ్ల గురించి నేను గమనించింది ఒకటుంది. ఊళ్లో సందు దొరికితే దూరే ఈ మనుషులే తిరుమల ఘాట్ రోడ్డులో బుద్ధిమంతులైపోతారు. ఎందుకంటే అక్కడ టైం రాస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందు చేరితే ఫైను. 1944లో వేసిన పాత రోడ్డులో, అన్ని మలుపుల్లో, ముందు బస్సు పాకుతూ దిగుతున్నా ఒక్కడూ హారన్ కొట్టడు. తొందరపడితే కింద గేటు దగ్గర ఆగి కూర్చోవాల్సిందే కదా! అలిపిరి దాటి ఊళ్లోకి రాగానే మళ్లీ మొదలు. అంటే ఓపిక వాళ్ల దగ్గర ఉంది, ఊళ్లో వాడాల్సిన అవసరం కనిపించలేదు. అలాంటివాడికి నువ్వు సిగ్నల్ దగ్గర కారు అడ్డం పెట్టి బుద్ధి చెప్పగలవా? నాకైతే నమ్మకం లేదు.

ఇక హైవే. చిత్తూరు రోడ్డు ఆరు లేన్లు అయ్యాక నువ్వు శనివారం ఇంటికి రావడం సుఖంగానే ఉంది గానీ, పోయినసారి నీ పక్కన కూర్చుని వచ్చినప్పుడు చూశాను, కుడి చివర లేన్లో అరవైలో పోతున్నావు. ఆ లేను దాటుకుపోయేవాళ్లది. వెనక వాడు లైట్లు కొట్టాడంటే సగం నీ వల్లే. ఇండికేటర్ వేసి ఎడమకు రా, వాణ్ణి పోనీ. వాడు స్పీడు లిమిట్ దాటుతున్నాడా లేదా అన్నది చూసుకోవడానికి పోలీసులున్నారు, ఆ పని నీ బంపర్‌తో చేయించొద్దు.

ఆనుకుని వచ్చేవాడికి బుద్ధి చెప్పాలని సడన్ బ్రేకు వేసేవాళ్లున్నారు. ఎంత పొరపాటో లెక్క చూడు. ఎనభైలో పోయే బండి సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. నీ బ్రేకు లైటు వెలిగింది వాడి కంట్లో పడి, వాడి కాలు కదిలేలోపే ఆ సెకను అయిపోతుంది. వాడు నీ వెనక అయిదు మీటర్ల దూరంలో ఉన్నాడు. మిగతాది నా షెడ్డుకు వస్తుంది, లేదా రాదు.

తొందర వల్ల వచ్చే లాభం కూడా చెప్తాను. తిరుపతి నుంచి మనింటికి డెబ్బై కిలోమీటర్లు వేసుకో. ఎనభైలో వస్తే 52 నిమిషాలు, వందలో వస్తే 42. అది కూడా దారంతా ఖాళీగా ఉంటేనే. ఆ పది నిమిషాలు గాదంకి టోల్ దగ్గర పోతాయి.

ఎవడన్నా నీ వెంట పడితే మాత్రం వేరే సంగతి. ముందు వాడి మొహం చూడకు, చెయ్యి ఊపకు, అద్దం దించకు. డోర్లు లాక్ చేసుకో. ఇంటికి గానీ హాస్టల్‌కు గానీ పోవద్దు, నీ అడ్రసు వాడికి చూపించినట్టవుతుంది. జనం, లైట్లు ఉన్న చోటికి పో. పెట్రోలు బంకు, టోల్ ప్లాజా, పోలీస్ స్టేషన్, ఏది దగ్గరైతే అది. 112కు ఫోన్ చేసి, ఏ రోడ్డులో ఉన్నావో, బండి నంబరు ఏమిటో చెప్పు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనేది నీకు కనిపించేంత దూరంలో ఆగు. అప్పుడు అవసరమైతే పక్కకు తిప్పుకుని బయటపడొచ్చు. మరీ ఆనుకుని ఆగితే ఎటూ పోలేక అక్కడే ఇరుక్కుపోతావు.

వెంటపడటం వేరు, నిజంగా తగలడం వేరు. రెంటినీ కలపొద్దు. నీ వల్ల గానీ, అవతలివాడి వల్ల గానీ తగిలి ఎవరికన్నా దెబ్బ తగిలితే ఆగాల్సిందే, చట్టం కూడా అదే చెప్తుంది. 108కి ఫోన్ చెయ్యి. తప్పెవరిదని అక్కడ వాదించొద్దు, రెండు బండ్లూ కలిసి వచ్చేలా, నంబర్లు కనిపించేలా ఫోటోలు తియ్యి. జనం గుమిగూడి కొట్టేలా ఉంటే మటుకు అక్కడ నిలబడాల్సిన పని లేదు, నేరుగా స్టేషనుకు పోయి చెప్పు.

మీ అమ్మ ఇదంతా చదివి, "వాడు తన్ని పోతే ఊరికే వదిలేయమంటావా?" అని నా మీదికి వచ్చింది. వదిలేయమని నేను అనలేదు. రోడ్డు మీద వదిలేయమన్నాను, అంతే. రోడ్డు మీద కోపానికని మన చట్టంలో విడిగా సెక్షన్ లేకపోయినా, ప్రమాదకరంగా నడిపినందుకు మోటారు వాహనాల చట్టంలో 184 ఉంది, మొదటిసారికే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఇంకొకరి వస్తువు పాడుచేస్తే దానికీ కేసు ఉంది. నేను రేకు మీద సుత్తి వేయకముందే డోరుకు నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను, పక్కన స్కేలు పెట్టి మరీ. నంబరు గుర్తుంటే నాకు పంపించు. మంగళవారం షెడ్డు మూసేసి వస్తాను, ఇద్దరం కలిసి స్టేషనులో రాసిద్దాం. నువ్వు కారు అడ్డం పెట్టిన సంగతి కూడా దాచకుండా రాయాలి. అది ఇష్టం లేకపోతే ఫిర్యాదు వద్దు. ఏది చేద్దామో నువ్వే తేల్చుకో, నేను బలవంతం చేయను.

చేతులు వణుకుతున్నప్పుడు నడపొద్దు. వాడెవడో పోయిన తర్వాత కూడా గుండె చాలాసేపు దడదడలాడుతూనే ఉంటుంది, అప్పుడు చేసే తప్పే పెద్దది. ఎడమకు ఆపి, నీళ్లు తాగి, ఆ టెన్షన్ తగ్గాక బయల్దేరు. ఆఫీసుకు లేటైతే కానీ. మేనేజర్ అరుస్తాడు, అంతే కదా.

శనివారం బస్సులో వచ్చి కారు తీసుకుపో. బంగినపల్లి పెట్టె ఒకటి నీ కోసం పక్కన పెట్టించాను. తోతాపురి కోతలు మొదలయ్యాయి, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు పక్కనే వరస కట్టి ఉంటాయి. వాటికి వెనక లైట్లు ఉండవు, ఇండికేటర్ లేకుండానే రోడ్డు మీదికి తిరుగుతాయి. వాళ్లు రాత్రంతా కాయలు దించడానికి కాచుకుని ఉన్నవాళ్లు, హారన్ కొడితే ఇంకా నిదానిస్తారు. అందుకని ఆదివారం నాలుగు గంటలకే బయల్దేరు. వెలుతురు ఉండగానే తిరుపతి చేరిపోతావు.

మీ నాయన