మామిడి లారీ అన్నకు, మా వీధి మామయ్యకు కృతజ్ఞతలు

ఇద్దరికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఒకరు పూతలపట్టు దగ్గర మా కోసం లారీ ఆపిన డ్రైవర్ అన్న. ఆ హడావిడిలో ఆయన పేరు కూడా అడగలేకపోయాను. ఇంకొకరు మా వీధిలోనే ఉండే పెద్దాయన. తిరుపతిలోని రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆయన మామయ్యే కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

అమ్మను చిత్తూరు నుంచి తీసుకొస్తుంటే దారిలో కారు వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కారుతో పాటు ఇచ్చిన స్పానర్ ఉంది. నట్లు మాత్రం కదల్లేదు. కొన్నాళ్ల ముందు ఒక టైర్ల షాపులో గాలి గన్‌తో, శబ్దం మారినా ట్రిగ్గర్ వదలకుండా బిగించి పంపారు. అమ్మా నేనూ కలిసి బలమంతా పెట్టినా లాభం లేకపోయింది. అప్పుడు తోతాపురి కాయల లోడుతో వెళ్తున్న లారీ ఆగింది. ఆ అన్న కిందికి దిగి, తన దగ్గరున్న ఇనుప పైపును మా స్పానర్ పిడికి తొడిగి, చక్రం ఇంకా నేల మీద ఉండగానే నట్లన్నీ కాస్త కాస్త వదులు చేశారు. ఆ తర్వాతే జాకీ ఎత్తారు. స్టెప్నీ వేశాక, "ఇంటికి వెళ్లగానే బిగింపు ఒకసారి చూపించుకో చెల్లెమ్మా" అన్నారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీల వరుస ఎలా ఉంటుందో, అక్కడ వెనకబడితే ఎంత ఇబ్బందో మన జిల్లా వాళ్లకు తెలుసు. అలాంటి రోజుల్లో ఆయన మా కోసం ఆగారు. ఈ మాటలు ఎలాగైనా ఆయన దాకా చేరితే బాగుండును.

ఇంటికి వచ్చాక, బిగింపు చూడమని, ఇంట్లో ఏ పనిముట్లు ఉంచుకోవాలో చెప్పమని మామయ్యను పిలిచాను. ఆయన నట్లు విప్పి ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూశారు. మూడు సాఫీగా ఎక్కాయి. నాలుగోది సగంలో ఆగిపోయింది. "ఈ స్టడ్, అంటే నట్టు ఎక్కే బోల్టు, సాగిపోయిందమ్మా. ముందు దీన్ని మార్పించు, పనిముట్ల మాట తర్వాత" అన్నారు. మర్నాడే మెకానిక్ దగ్గర మార్పించాను.

ఆయనకు నేను ముఖ్యంగా రుణపడింది ఆ తర్వాతి సాయంత్రాలకు. పని తన చేత్తో చేసిపెట్టి వెళ్లిపోవచ్చు. అలా చేయకుండా నన్ను కూర్చోబెట్టి కారణాలు చెప్పారు. నట్టు బిగించినప్పుడు స్టడ్ కంటికి కనిపించనంతగా సాగుతుందట. సాగిన రబ్బరు బ్యాండు వెనక్కి లాగినట్టే అదీ లాగుతుంది. చక్రాన్ని హబ్‌కు, అంటే చక్రం వెనక ఈ స్టడ్‌లు ఉండే భాగానికి, అదిమి పట్టేది ఆ లాగుడే. బిగింపు తక్కువైతే చక్రం సన్నగా కదులుతూ నట్లను వదులు చేసుకుంటుంది. మరీ ఎక్కువైతే స్టడ్ తిరిగి మామూలు స్థితికి రాలేనంతగా సాగుతుంది, ఒకనాడు విరుగుతుంది. నట్లు హెచ్చుతగ్గులుగా బిగిస్తే బ్రేకు డిస్క్ కూడా వంకర తిరిగి, పెడల్ కింద అదురు మొదలవుతుంది. తిరుమల నుంచి 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో మలుపు తర్వాత మలుపు బ్రేకు మీదే దిగే మనకు ఆ అదురు ఎంత భయమో వేరే చెప్పాలా?

లెక్క కూడా వేసి చూపించారు. మా కారు పుస్తకంలో చక్రం నట్లకు బిగింపు కొలత 100 న్యూటన్ మీటర్లు అని ఉంది. 25 సెంటీమీటర్ల స్పానర్‌తో అది రావాలంటే చివర దాదాపు 40 కిలోల బలం పెట్టాలి. అరమీటరు బార్ అయితే 20 కిలోలు చాలు. అదే 70 కిలోల మనిషి ఆ చిన్న స్పానర్ మీద ఎక్కి నిలబడితే బిగింపు 170 న్యూటన్ మీటర్లు దాటిపోతుంది. కాలితో తొక్కి బిగించడం మనం రోజూ చూసేదే, అదే గట్టితనం అనుకుంటాం. లారీ అన్న పైపు తొడిగింది విప్పడానికి, అది సరైన పనే అన్నారు మామయ్య. బిగించడానికి మాత్రం ఆ పైపు జోలికి పోకూడదు.

పనిముట్ల షాపుకు కూడా నాతో వచ్చారు. ముందు నట్టు మీద తొడిగే సాకెట్ చూశారు. మా నట్లకు 19 మిల్లీమీటర్లది కావాలి. 12 మూలలది పక్కన పెట్టించి 6 మూలలది తీయించారు. అది నట్టు పలకలను నిండుగా పట్టుకుంటుంది, మూలలు అరగనివ్వదు. అలాయ్ చక్రాలున్నవారు పలుచని గోడ ఉన్న సాకెట్ తీసుకోవాలి, లేకపోతే నట్టు ఉండే గుంటలో ఇరుక్కుని చక్రానికి గీతలు పడతాయి. విప్పడానికి ఒక పొడవైన బార్. బిగింపు కొలవడానికి అర అంగుళం మొన ఉన్న, మనం పెట్టిన కొలత రాగానే టక్కుమని శబ్దం చేసే టార్క్ రెంచ్.

ఈ రెంచ్ దగ్గరే నేను ఒంటరిగా వెళ్లి ఉంటే దుకాణదారు చూపించిన మొదటిదే తెచ్చుకునేదాన్ని. 300కు పైగా కొలిచేది ఉంది, చిన్నగా ముచ్చటగా 60తో ఆగిపోయేది ఉంది. మామయ్య రెండూ వద్దన్నారు. ఇలాంటి రెంచ్ కొలతలో అట్టడుగున అంత నమ్మకంగా ఉండదు, మనకు కావలసిన 100 దాని మధ్య భాగంలో పడాలని చెప్పి, 40 నుంచి 200 వరకు ఉన్నది ఎంచారు. ఎక్కువ ధర పలికే డిజిటల్ దాన్ని కూడా "ఇంటి వాడకానికి దీని అవసరం లేదు" అని పక్కన పెట్టించారు. ఓపిగ్గా అన్నీ తీసి చూపించిన ఆ దుకాణం అబ్బాయికి కూడా నా నమస్కారం.

బిగించే పద్ధతి నా చేతే చేయించారు. మరలను తీగ బ్రష్‌తో శుభ్రం చేయాలి, నూనె రాయకూడదు. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే 100 దగ్గర స్టడ్ మీద లాగుడు ఇంకా పెరుగుతుంది. మంచి చేస్తున్నామనుకుని గ్రీజు పూసేవారు చాలామంది ఉన్నారు, దయచేసి ఇది గమనించండి. నట్టును మొదట చేత్తోనే ఎక్కించాలి. ఒకదాని తర్వాత దాని ఎదుటిది, ఆ వరుసలో బిగించాలి. కారు కిందికి దించాక రెండు విడతల్లో పూర్తి కొలతకు తేవాలి. టక్కుమనగానే చేయి ఆపేయాలి. చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

మా ఇంట్లో మగవాళ్లు పక్కనే ఉన్నా, కారు నడిపేది నేనని రెంచ్ నా చేతికే ఇచ్చారు మామయ్య. ఆ మర్యాదను మరచిపోను.

రెంచ్ మా ఇంట్లో, కొలతను అడుగుకు తిప్పి, దాని పెట్టెలో ఉంది. వీధిలో ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకువెళ్లండి. మీ కారు పుస్తకంలో అంకె చూసుకుని రండి, ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. దానితో నట్లు విప్పవద్దు. విప్పడానికి బార్ కూడా ఇస్తాను.