ఆఫ్రికాలోని మలావీ దేశ ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్ గురించి ఈ లేఖ. దక్షిణ మలావీలో జిల్లా ఆసుపత్రులు చేతులెత్తేసిన కేసులు అక్కడికే చేరతాయి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫానుకు కొండవాలు ఇళ్లు కొట్టుకుపోయినప్పుడు క్షతగాత్రులనీ, శవాలనీ కూడా అక్కడికే తెచ్చారు. మీ యువ డాక్టర్లు పని నేర్చుకునేదీ ఆ వార్డుల్లోనే. 1991 దాకా మీ దేశంలో వైద్య కళాశాలే లేదు కదా!

నేనూ ఇక్కడ గుంటూరులో పసిపిల్లల వార్డు నర్సునే. ఊపిరందని పసికందు ముక్కులో సన్న గొట్టాలు పెట్టి, నీళ్లలో బుడగలు వచ్చేలా గాలిని ఒత్తిడితో పంపే చౌక యంత్రాన్ని, బబుల్ సీపాప్‌ని, మీ ఆసుపత్రిలోనే పరీక్షించారు. 2014లో ఫలితాలు ప్రచురించారు. మామూలు ఆక్సిజన్‌తో 44 శాతం పిల్లలు బతికితే, దీంతో 71 శాతం బతికారు. కానీ యంత్రం ఒక్కటే చాలదు. గొట్టం జారిందా, బుడగలు ఆగాయా అని రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. కరెంటు పోకూడదు.

దయచేసి నర్సు పోస్టులు ఖాళీగా ఉంచకండి. అక్కడి పసిపిల్లల వార్డుకు బ్యాకప్ కరెంటు, యంత్రాల విడిభాగాలకు బడ్జెట్‌లో విడిగా డబ్బు కేటాయించండి.

ఇంకో మాట. అక్కడ రోగికి వండిపెట్టేదీ, బట్టలుతికేదీ వెంట వచ్చిన బంధువులే. మా పెద్దాసుపత్రుల బయట చెట్ల కింద పడుకునేవాళ్లను రోజూ చూస్తాం కాబట్టి ఆ అవస్థ మాకు తెలుసు. వాళ్లకు మంచినీళ్లు, మరుగుదొడ్లు, తలదాచుకునే చోటు సరిపడా ఉండేలా చూడండి. వైద్యం ఉచితమే అయినా, పల్లె నుంచి వచ్చే తల్లికి బస్సు ఛార్జీయే భారం.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక స్టాఫ్ నర్సు