కాలువలో యాసిడ్ పోసేముందు అందులో చెయ్యి పెట్టే మనిషిని తలుచుకోండి

సంపాదకుడి గారికి నమస్కారం,

వానలు మొదలయ్యాయంటే చాలు ఒడిశాలో మా గంజాం, గజపతి, రాయగడ జిల్లాల వైపు తెలుగు ఇళ్ళల్లో ఒకటే గోల, సింకు పారట్లేదు, బాత్రూంలో నీళ్ళు నిలబడిపోతున్నాయి అని. వెంటనే ఏం చేస్తారంటే కిరాణా షాపుకి పరిగెత్తి యాసిడ్ సీసా తెచ్చి గడగడా పోసేస్తారు, పని కాకపోతే ఇంకో సీసా, అదీ అవ్వకపోతే అప్పుడు మనిషిని పిలుస్తారు. ఆ వచ్చినాయన ట్రాప్, అంటే సింకు కింద నీళ్ళు నిలబడే ముక్క, విప్పి చెయ్యి లోపల పెడతాడు. లోపల యాసిడ్ నిలబడి ఉందని ఆయనకి ఎవరూ చెప్పరు. ఈ ఉత్తరం ముఖ్యంగా దీని గురించే.

మన పైపుల్ని మూసేసేవి చాలావరకు ఆ బాత్రూం యాసిడ్‌కి కరిగే సరుకే కాదండి. వంటింట్లో అయితే నూనె. పండగలకి అరిసెలు, గారెలు వేయించిన మూకుడు నేరుగా సింకులో కడిగేస్తాం, వేడిగా ఉన్నంతసేపు హాయిగా జారిపోద్ది, నాలుగు అడుగులు వెళ్ళి చల్లారాక పైపు గోడకి పట్టేస్తుంది, దాని మీద గంజి, అన్నం మెతుకులు, టీ పొడి అతుక్కుంటాయి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో ఇంకో బాధ, ఆ నీళ్ళల్లో ఉండే కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి పెచ్చు కడుతుంది, అది జిడ్డుతో కలిస్తే గట్టిపడిపోద్ది. ఇప్పటికీ బూడిద, కొబ్బరి పీచుతో గిన్నెలు తోమే ఇళ్ళు ఉన్నాయి, తప్పేం లేదు, కానీ ఆ బూడిద, పీచు ముక్కలు వెళ్ళి ఎల్బోలో, అంటే పైపు మలుపులో, కూర్చుంటాయి. బాత్రూంలో అయితే తల వెంట్రుకలు, షాంపూ పాకెట్ల మూలలు. లెట్రిన్‌లో ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి వైప్స్ వేసేవాళ్ళకి ఎలా చెప్పాలో తెలియట్లేదు, అవి నీళ్ళలో కరగవు, ఉబ్బుతాయి అంతే. కొత్త ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు తాపీలు, గమేళాలు బాత్రూంలోనే కడిగేసి వెళ్తారు, ఆ సిమెంటు పైపులో రాయైపోతే ఏ మందూ పనిచేయదు, పైపు కోయాల్సిందే.

ముందు అడ్డం ఎక్కడుందో చూసుకోవాలి. ఒక్క సింకే నిలబడితే దాని కింద బాటిల్ ట్రాప్‌లోనో, పక్క ఎల్బోలోనో ఉంటుంది, కింద బకెట్ పెట్టి చేత్తో విప్పి కడుక్కోవచ్చు, ఆడవాళ్ళం కూడా చేసుకునే పనే. వంటిల్లు, బాత్రూం రెండూ ఒకేసారి నెమ్మదిగా పారుతున్నా, లెట్రిన్ ఫ్లష్ చేస్తే బాత్రూం జాలీలోంచి బుడబుడమని గాలి వస్తున్నా అది ట్రాప్ గొడవ కాదు, బయట పైపులన్నీ కలిసే గుంట, అంటే చాంబర్, నిండిపోయుండాలి, లేదా మెయిన్ లైన్, లేదా సెప్టిక్ ట్యాంక్. వాన పడినప్పుడే ఇలా అవుతుంటే ఎక్కువగా వీధి కాలువలో నీళ్ళు మన పైపు మూతి కంటే పైకి లేచాయని అర్థం, అప్పుడు ఇంట్లో ఎంత పొడిచినా లాభం లేదు.

సింకు చిన్నగా మూసుకుంటే రబ్బరు ప్లంజర్ చాలు, సింకు పొంగకుండా పైన పక్కగా ఉండే రంధ్రాన్ని తడిగుడ్డతో మూసి కొట్టాలి, లేకపోతే గాలంతా అటే పోతుంది. ఇంకా లోపల ఉంటే స్ప్రింగ్ తీగ. సలసల కాగే నీళ్ళు పోయొద్దు, పీవీసీ పైపు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, జాయింట్లు వదిలేస్తాయి, చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు. వంటసోడా నిమ్మకాయ కలిపి పోయమని ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి, నురగ బాగానే వస్తుంది గానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గట్టిపడిన జిడ్డు మాత్రం కదలదు. షాపులో దొరికే పొడి కాస్టిక్ సోడా, అది జిడ్డుని, వెంట్రుకల్ని కొంత తింటుంది నిజమే, కానీ నీళ్ళు తగిలితే విపరీతంగా వేడెక్కుతుంది, వెనక్కి చిమ్మితే కళ్ళు పోతాయి. అన్నిటికంటే ప్రమాదం యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ వేయడం, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, తలుపు మూసిన బాత్రూంలో ప్రాణం మీదకి వస్తుంది. ఏదైనా పోసేసి ఉంటే దయచేసి వచ్చిన మనిషికి ముందే చెప్పండి, చేతికి గ్లౌజులు ఇవ్వండి.

ఇంక వీధి సంగతి. ఇంటి ముందు కాలువ మీద బండి ఎక్కించుకోడానికి ర్యాంపు కట్టేసి శాశ్వతంగా సిమెంటు పోసేస్తున్నారు, ఎక్కడా తెరిచే బిళ్ళ ఉండదు. పూడిక తీసేవాళ్ళు వెదురుబద్దతో అటొక మూల ఇటొక మూల పొడిచి వదిలేయాల్సి వస్తోంది, మధ్యలో పూడిక అలాగే ఉంటుంది, పై వీధి వాళ్ళందరి నీళ్ళూ అక్కడ ఆగుతాయి. ర్యాంపు కావాలంటే కట్టుకోండి గానీ ఎత్తగలిగే బిళ్ళలు వేయించుకోండి. మున్సిపాలిటీ వాళ్ళకి కూడా నా విన్నపం, తీసిన పూడిక గట్టు మీదే ఆరబెట్టొద్దండి, మొదటి వానకే మళ్ళీ కాలువలోకి వెళ్ళిపోతుంది, తీసిన రోజే బండిలో ఎత్తించేయండి.

సెప్టిక్ ట్యాంక్‌లోకి మనిషిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దించొద్దు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం సరైన రక్షణ సామాను లేకుండా సెప్టిక్ ట్యాంక్, మురుగు లైన్లలోకి మనిషిని దించి శుభ్రం చేయించడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ జైలు, రెండు లక్షల జరిమానా వరకు ఉంది. మురుగు లైన్లలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత ఇస్తే మాత్రం మనిషి తిరిగొస్తాడా? 14420 నంబరుకి ఫోన్ చేసి ట్యాంక్ ఖాళీ చేసే బండిని అడగొచ్చు, రెండు మూడేళ్ళకోసారి చేయించుకుంటే పొంగేదాకా రాదు. మన బార్డర్ టౌన్లలో ఈ పనికి వచ్చేవాళ్ళలో చాలామంది మన తెలుగు మాట్లాడేవాళ్ళే, వాళ్ళ పేరు కూడా అడక్కుండా పని చేయించుకుని గేటు బయటే డబ్బులు పెట్టి పంపేసే ఇళ్ళు చూస్తుంటే నాకు చాలా బాధేస్తుంది.

చివరిగా ఒక మాట, మీ పేపర్ ద్వారా అధికారులకి చేరాలని రాస్తున్నాను. ఏది పోయాలి, ఏది పోయకూడదు, బండికి ఎక్కడ ఫోన్ చేయాలి అనే బోర్డులు, కరపత్రాలు ఒడియాతో పాటు తెలుగులో కూడా వేయించండి. మా వైపు పెద్దవాళ్ళు ఒడియా బాగానే మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు, ఇంట్లో యాసిడ్ సీసా ఎత్తేది కూడా ఎక్కువగా వాళ్ళే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గంజాం జిల్లా, ఒడిశా