అమృతాంజనం వాళ్ల పేపరు

విజయవాడ

ఒరేయ్ సుబ్బారావూ,

ఫోన్లో నువ్వన్న మాట నాకింకా అరగలేదు. "ఈనాడు వచ్చింది, ఆంధ్రపత్రిక పోయింది, అంతేగా" అని ఒక్క ముక్కలో తేల్చిపారేశావు. బ్యాంకులో లెడ్జర్లు తిప్పినవాడివి, ఖాతా మూసిన తేదీ చూస్తావు గానీ అంతకుముందు జమ ఎక్కణ్ణించి పడేదో చూడవేంరా? ఫోన్లో వాదిస్తే ఎప్పుడూ నీ గొంతే పైన ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నా. మధ్యలో అడ్డం రావడానికి వీల్లేదు.

జమ సంగతే ముందు. మీ నాన్నగారు ఆంధ్రపత్రికనెప్పుడూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "అమృతాంజనం వాళ్ల పేపరు వచ్చిందా?" అనేవారు. అందులో ఎకసెక్కం ఏం లేదు, ఉన్న మాటే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన కృష్ణా జిల్లా ఎలకుర్రు మనిషి. కలకత్తా, బొంబాయి తిరిగి మందుల వ్యాపారం వంటబట్టించుకుని 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలెట్టారు. సంగీత కచేరీలకి వచ్చినవాళ్లకి ఆ పసుపు లేపనం ఊరికే పంచిపెట్టించేవారట. పల్లవి పూర్తయ్యేసరికి సభలో సగం మందికి తలనొప్పి ఖాయమని కనిపెట్టిన బుర్ర ఎవరిదో గానీ, ఆ ఎత్తు పారింది. డబ్బొచ్చింది.

ఇంకొకరైతే ఆ డబ్బుతో మిల్లో మేడో కొనేవారు. ఈయన 1908 సెప్టెంబరు 9న ఆంధ్రపత్రిక పేరుతో వారపత్రిక పెట్టారు, అదీ బొంబాయిలో. చేతికింద మద్రాసు ఉండగా బొంబాయిలో తెలుగు పత్రికేమిటంటావు. ఆయన వ్యాపారం అక్కడుంది కాబట్టి, కామాఠీపురాలోనూ మిల్లుల చుట్టుపక్కలా బోలెడుమంది తెలుగువాళ్లు ఉన్నారు కాబట్టి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడాది జులైలోనే అదే ఊళ్లో తిలక్ గారికి హైకోర్టు ఆరేళ్ల శిక్ష వేసింది, పత్రికలో రాసిన రాతలకి. ఆ తీర్పు వేడి ఇంకా చల్లారలేదు. అలాంటి సమయంలో అదే ఊళ్లో ఇంకో పత్రిక తెరవాలంటే వ్యాపారి బుద్ధి ఒక్కటే చాలదురా.

ఉగాది సంచికల మాట చెప్పకపోతే పాపం తగుల్తుంది. 1910 సాధారణ నామ సంవత్సరం నుంచి మొదలెట్టారవి. ఇప్పుడు దీపావళికి పేపర్లు వేసే ప్రత్యేక సంచికల్లాంటివి కావు. చరిత్ర, శాసనాలు, సంగీతం, నాటకం, సేద్యం, ఎవరికి ఏది తెలిస్తే అది రాయించి, బొమ్మలు వేయించి, బైండు చేయించి దాచుకునేట్టు తెచ్చేవారు. వాటిలో చాలావాటిని ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేయించి నెట్‌లో పెట్టారు. ఒకటి తెరిచి చూడు. ఒక పక్క శాసనం మీద వ్యాసం, పేజీ తిప్పితే అమృతాంజనం ప్రకటన. వ్యాసం కన్నా ప్రకటనలో తెలుగే సులువుగా ఉంటుంది. అవును మరి, సీసా అమ్ముకునేవాడు ఎదుటివాడికి అర్థం కావాలనుకుంటాడు, పండితుడికి ఆ ఇబ్బంది లేదు.

దినపత్రికగా మారింది మద్రాసుకి వచ్చాకే, 1914 ఏప్రిల్ 1న. బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలన్న మాట అప్పుడప్పుడే నోళ్లలో పడుతోంది. మద్రాసులో ఇంగ్లీషు పేపర్లున్నాయి, అరవ పేపర్లున్నాయి, మన గోడు మన మాటలో పొద్దున్నే వినిపించేది ఏదీ నిలదొక్కుకోలేదు. పత్రిక పెట్టిన నాలుగు నెలలకే యూరప్‌లో యుద్ధం మొదలైంది. యుద్ధం ఎవరికి చెరుపు చేసినా దినపత్రికకి మాత్రం మేలే చేస్తుంది, ఈ మాట నాలాగా పేపరు డెస్కులో పనిచేసినవాడెవడైనా ఒప్పుకుంటాడు. వారానికోసారి చదివి ఊరుకునేవాడు కూడా ఇవాళ్టి కబురు ఇవాళే కావాలంటాడు.

అన్నట్టు, ఒక వింత చెప్తా విను. 1914 ఉగాదికి వచ్చింది ఆనంద నామ సంవత్సరం. అక్కణ్ణించి అరవై ఏళ్ల చక్రం పూర్తిగా తిరిగి మళ్లీ ఆనంద వచ్చింది 1974లో. ఆ ఆనందలోనే, ఆగస్టు 10న, విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. తెలుగు పత్రికలకి షష్టిపూర్తి చేసినట్టు! నీకు పంచాంగం మీద నమ్మకం లేదని తెలుసు. నాకూ లేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక ఆఫీసు నడిచే రోజులు నేను చూడలేదు. ఆ సంస్థలో అక్షరాలు కూర్చి, తర్వాత మా దగ్గర ఫోర్‌మన్‌గా చేరిన పెద్దాయన మాత్రం నాకు బాగా తెలుసు. నేను డెస్కులో కుదిరిన కొత్తల్లో ఇంకా చేత్తో కంపోజింగే. ఇంగ్లీషుకి అచ్చులు పెట్టుకునే గళ్లు కొద్దిగా ఉంటే సరిపోతుంది. మనకి ఒక్కో గుణింతానికీ ఒక్కో అచ్చు, వత్తులకి మళ్లీ వేరే గళ్లు. ఆయన ఆ గళ్ల పెట్టె, అదే కేసు, వైపు చూసేవాడు కాదు, చెయ్యి దానంతటదే వెళ్లేది. కూర్చిన అచ్చులుండే పళ్లెం, గ్యాలీ అంటాం, దాని మీద తడి కాగితం పరిచి బ్రష్షుతో టకటకా కొట్టి ప్రూఫు తీసిచ్చేవాడు. ఓట్ల లెక్కింపు రాత్రి మాత్రం ఆయనకి తిక్క రేగేది. ఓటు, ఓటరు, ఓటమి, ఓడిపోయారు, అన్నిటికీ 'ఓ'యే కావాలి. పెద్ద టైపులో ఉన్నవి ఏ నాలుగైదో. అవి అయిపోగానే అచ్చులు పేర్చే స్టిక్ పట్టుకుని డెస్కు దాకా వచ్చి, "ఇంక ఎవరూ ఓడిపోవడానికి లేదు. కావాలంటే పరాజయం పొందమనండి" అనేవాడు. మేం గబగబా హెడ్డింగు మార్చి ఇచ్చేవాళ్లం. గ్రాంథికం ఎందుకు వదల్లేదయ్యా అని ఆ కాలపు పేపర్లని తిట్టేవాళ్లు ఇలాంటివి కూడా లెక్కలోకి తీసుకోవాలి. నవ్వుకి అంటున్నాలే. అసలు సంగతేమిటంటే ఆంధ్రపత్రిక భాష చాలాకాలం బిర్రబిగుసుకునే ఉంది. జనం మాటని దినపత్రికలోకి తెచ్చిన ఘనత 'జనవాణి' నడిపిన తాపీ ధర్మారావు గారికి, ఆ తర్వాత ఆంధ్రప్రభ ఎడిటరు నార్ల వెంకటేశ్వరరావు గారికి ఇవ్వాలి. పంతులుగారి మీద ఎంత గౌరవమున్నా ఈ విషయంలో నేను ఆయన పక్షం కాదు.

కానీ ఆయన చేసిన పని పేపరుతో ఆగలేదురా. 1924లో భారతి మాసపత్రిక పెట్టారు, అది కూడా లాభానికి కాదు. 1926 నుంచి ఆంధ్ర గ్రంథమాల పేరున పుస్తకాలు వేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. మైలాపూర్లో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తావాళ్లూ సీమవాళ్లూ కూర్చుని ఒప్పందం రాసుకున్నది ఆ ఇంట్లోనే. రాజధాని గానీ హైకోర్టు గానీ ఒకటి సీమకి ఇవ్వాలని, నీళ్లలో పదేళ్ల పాటు సీమకే మొదటి పీట వేయాలని, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని. మొన్నమొన్న మూడు రాజధానుల గొడవలో రోజూ టీవీలో శ్రీబాగ్ శ్రీబాగ్ అని అరిచినవాళ్లలో ఎంతమందికి అదొక పత్రికాధిపతి ఇల్లని తెలుసో! అప్పట్లో పత్రిక ఉండటమంటే అదీ. వార్త అచ్చయ్యేది ఒక చోట, వార్త పుట్టేది ఆయన వసారాలో.

ఒప్పందం జరిగిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు పోయారు. అదే ఏడాది ఆగస్టు 15న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ గోయెంకా గారి ఆంధ్రప్రభ మద్రాసులోనే మొదలైంది. నీ లెడ్జరులో నువ్వు చూడాల్సిన పేజీ ఇదిగో, 1974 కాదు. అప్పటిదాకా ఆంధ్రపత్రికకి సరైన పోటీ ఎవరు? ఇప్పుడు ఎదురుగా నిలబడ్డది ఒక మనిషి మమకారం కాదు, ఇంగ్లీషు పేపర్లు నడిపే కంపెనీ. 1942లో నార్ల గారు ప్రభ ఎడిటరయ్యారు. చురుక్కుమనే సంపాదకీయాలు, పొట్టి వాక్యాలు. పత్రిక చదివే ఇళ్లలో ప్రభ కూడా చేరింది.

పంతులుగారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికని తక్కువగా చూశారని నేననను. 1972లో పోయేదాకా కాపాడుకొచ్చారు. వారపత్రిక అయితే ఆయన హయాంలోనే కళకళలాడింది. ముళ్లపూడి వెంకటరమణ గారు ఆ సంస్థలో ఉద్యోగం చేశారు, బాపు గారి బొమ్మలు వచ్చేవి. మా అమ్మ దినపత్రిక ముట్టుకునేది కాదు గానీ వారపత్రిక ఆలస్యమైతే ఏజెంటుని నిలదీసేది.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? నా లెక్కలో మద్రాసులోనే తగిలింది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచింది ఆ ఊళ్లోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలుకి వెళ్లింది. మద్రాసు మనకి దక్కలేదు. అంటే నలభై ఏళ్లపాటు ఏ రాష్ట్రం కోసం పత్రిక కలం పట్టిందో, ఆ రాష్ట్రం వచ్చి పత్రికని పొరుగు రాష్ట్రంలో వదిలేసింది! మంత్రులు ఒక చోట, పాఠకులు ఒక చోట, అచ్చు యంత్రం ఇంకో చోట. రాత్రి రైలుకి కట్టలు వేస్తే మన ఊరికి చేరేసరికి ఎంతయ్యేదో నీకే తెలుసు. మీ నాన్నగారు పడక్కుర్చీలో పేపరు విప్పేది మధ్యాహ్నం భోజనాలయ్యాక. ప్రభ 1959లో బెజవాడ వచ్చేసింది. 1960 జులై 1న నార్ల గారు ఎడిటరుగా ఇక్కడే ఆంధ్రజ్యోతి మొదలైంది. ఆంధ్రపత్రిక కూడా తర్వాత బెజవాడకీ హైదరాబాదుకీ వచ్చింది. కానీ అప్పటికే విస్తళ్లు వేసి వడ్డించేశారు.

ఇప్పుడు నీ ఈనాడు దగ్గరికొస్తా. రామోజీరావు గారు విశాఖలో ఎందుకు పెట్టారు? బెజవాడ నుంచి వచ్చే పేపర్లు అక్కడికి చేరేసరికి పొద్దు ఎక్కేసేది కాబట్టి. కాఫీ తాగే వేళకి గుమ్మంలో పేపరు పడాలి, అందులో మన వీధి కబురుండాలి, ఆయన పట్టుకున్న సూత్రం ఇదే. 1975లో హైదరాబాదు, 1978లో బెజవాడ, 1989లో జిల్లాకో చిన్న పేపరు. మన ఊరి చెరువుకి గండి పడితే అచ్చులో ఊరి పేరు కనపడటం మొదలైంది. అది గొప్ప సంగతే, కాదనను. జిల్లా పేజీల పుణ్యమా అని పక్క జిల్లాలో ఏం జరుగుతోందో మనకి తెలియకుండా పోయింది, అదీ నిజమే. శ్రీకాకుళం వార్త అనంతపురంలో చదివే రోజులు ఆ దెబ్బతో పోయాయి. ఆంధ్రులందరికీ ఒకే పత్రిక అని పంతులుగారు కన్న కల అక్కడ చెదిరింది.

ఆంధ్రపత్రిక 1991 దాకా ఊపిరి పీల్చింది, భారతి కూడా ఆ ఏడాదే ఆగిపోయింది. ఫోటో కంపోజింగు, ఆఫ్‌సెట్టు, ఊరూరా ఎడిషన్లు, వ్యానులు, వీటన్నిటికీ కావాల్సింది తలనొప్పి మందు మీద వచ్చే మిగులు కాదు. పేపరే తన తిండి తను సంపాదించుకోవాలి, ప్రకటనల కోసం ఒక మనిషిని కాదు, ఒక డిపార్టుమెంటునే పెట్టుకోవాలి. ఆంధ్రపత్రిక పుట్టింది ఆ పద్ధతిలో కాదు. పోషించే చెయ్యి ఉన్నంతకాలం ఎవరికీ తల వంచనక్కర్లేదు. ఆ చెయ్యి సరిపోని కాలం వచ్చేసరికి సంపాదించడం అలవాటు లేదు. ఈనాడు లేకపోయినా ఇంకోటి వచ్చేది. కాబట్టి హంతకుణ్ణి వెతక్కు. ఎనభై మూడేళ్లు బతికిన దానికి పోస్టుమార్టం దేనికిరా?

నాకు మిగిలిన సందేహం ఒక్కటే, దానికి నువ్వే జవాబు రాయాలి. బ్యాంకువాడివి కదా. లాభం చూడకుండా ఎవరో ఒకరు తమ జేబులోంచి పోస్తూ నడిపే పత్రికని నమ్మాలా, ప్రకటనల మీద బతికే పత్రికని నమ్మాలా? డెస్కులో ఉన్నన్నాళ్లూ రెండో రకమే మేలనుకున్నాను, ఎవరి దయా అక్కర్లేదు కదా అని. ఇప్పుడు పొద్దున్నే పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా ఫ్లాట్ల ప్రకటన, రెండో పేజీ నిండా నగలు, మూడో పేజీలో వార్త. ఏం చెప్పమంటావు?

ఇంకోటి, అసలు పని. మీ మేనమామగారి ఇంట్లో అటక మీద పాత ఉగాది సంచికలున్నాయని ఎప్పుడో అన్నావు. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టిస్తున్నారట కదా. అటక దించేటప్పుడు నువ్వు అక్కడ ఉండు. చెదలు పట్టినా సరే, అట్టలు ఊడినా సరే, కిలోల లెక్కన ఇచ్చెయ్యకండి. గోనెసంచిలో వేసి ఆర్టీసీ కార్గోలో పడెయ్, బస్టాండుకి నేనే వెళ్లి తెచ్చుకుంటా. కార్గో డబ్బులు మాత్రం నువ్వే కట్టాలి, ఫోన్లో అన్న మాటకి జరిమానా.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాముడు