చెరువు గట్టున ఉచ్చు కనిపిస్తే ఎవరికి చెప్పాలి? అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

దసరాకి ఇంకా కొన్ని వారాల టైముంది. ఉత్తరం ఇప్పుడే రాస్తున్నది అందుకే. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని మన నమ్మకం. దాన్ని పట్టేవాళ్లు పండగ నాడు బయల్దేరరు, ముందే పట్టి దాచిపెట్టుకుంటారు. జమ్మి చెట్టుకి మొక్కి మనం ఇంటికి తిరిగొచ్చేసరికి పంజరంతో గేటు ముందు నిలబడతారు. ఆ సాయంత్రం మీ సిబ్బంది వచ్చి పిట్టల్ని విడిపించినా చాలావాటికి ఎగిరే ఓపిక ఉండదు.

కిందటేడు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చిన పంజరాన్ని వంగి చూశాను. పిట్ట ఒక మూలకి ఒదిగిపోయి ఉంది. జిగురు అంటి రెక్కల చివరి ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కాలికి నైలాన్ దారం కట్టారు, అది ఒరుసుకున్న చోట తోలు లేచింది. ప్లాస్టిక్ మూతలో నూకలు పోసి పెట్టారు. పాలపిట్ట నూకలు ముట్టదు. మిడతలు, పురుగులు, చిన్న చిన్న తొండలు తిని బతుకుతుంది. అంటే పట్టిన రోజు నుంచీ దానికి పస్తే. అందరూ దండం పెట్టుకుని ఇరవయ్యో, యాభయ్యో చేతిలో పెట్టారు, పిల్లలు ఫొటోలు దిగారు. రాష్ట్రం వచ్చిన ఏడాదే, 2014లో, రాష్ట్ర పక్షిగా మనం ప్రకటించుకున్న పిట్ట ఇది.

మనకి చట్టం లేక కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చదివినవాళ్లకి అది ఎంత గట్టిదో తెలుసు. తుపాకి పేలిస్తేనే వేట అని ఆ చట్టం అనుకోలేదు. వల వేయడం, ఉచ్చు బిగించడం, ఎర పెట్టడం, విషం కలపడం, తరమడం, ఆఖరికి పిట్ట గూటిని, గుడ్లను కదిలించడం కూడా వేటే. ఆ పనికి ప్రయత్నించినా వేటే. కాబట్టి ఏ జంతువూ పడని ఖాళీ ఉచ్చు కూడా నేరానికి సాక్ష్యమే. 2022 సవరణతో షెడ్యూళ్లు, అంటే ఏ జంతువుకి ఎంత రక్షణో చెప్పే జాబితాలు, మార్చారు, జరిమానాలు పెంచారు. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. నెమలి ఆ షెడ్యూల్లోనే ఉంది, ఉడుము కూడా.

ఇంకో సంగతి. వేట నిషేధం భూమిని బట్టి మారదు. రిజర్వ్ ఫారెస్టయినా, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమైనా, యూనివర్సిటీ కంచె లోపలైనా, ఎవరి పట్టా పొలమైనా జంతువుకి రక్షణ ఉంది. నేషనల్ పార్కులో, అభయారణ్యంలో వేటాడితే శిక్ష ఇంకాస్త గట్టిగా ఉంటుంది, అంతే తేడా. అమలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన హైదరాబాద్‌లో లెక్క తిరగబడింది. కేబీఆర్ పార్కు, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దగ్గర మృగవని, ఈ మూడింటికీ కంచె ఉంది, గేటు ఉంది, గార్డులున్నారు. ఆ కంచెలు దాటగానే అడిగే నాథుడు లేడు. పిట్టలు, కుందేళ్లు, ఉడుములు, పందులు ఎక్కువగా తిరిగేదేమో ఆ కంచెల బయటే.

మేముండేది నగరానికి పడమట, ఓ చెరువు పక్కన. పేరు చెబితే ఈ వారమే వల పట్టుకుని ఇంకో నలుగురు దిగుతారు కాబట్టి చెప్పను. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయాక శిఖంలో తుంగ, గడ్డి మిగులుతాయి. ఆ తుంగలో సన్నటి తెల్ల వల కనిపించింది. దగ్గరికి వెళ్తేగానీ తెలియనంత సన్నం. రెండు వెదురు బద్దల మధ్య కట్టి ఉంది, ఓ జీనువాయి పిట్ట రెక్క చిక్కుకుని తలకిందులుగా వేలాడుతోంది. అక్కడికి కొంచెం పైన, కంపచెట్ల కింద కుందేళ్లు దూరే సందులో ఉచ్చు. బైకు క్లచ్ వైరు అది. ఒక కొనని మేకుకి బిగించి, రెండో కొనని ముడి జారేలా పిడికిలంత వలయంగా వంచారు. ఏ మెకానిక్ షాపు ముందు వెతికినా పాత క్లచ్ వైర్లు ఊరికే దొరుకుతాయి. జంతువు ఎంత గుంజుకుంటే ముడి అంత బిగుస్తుంది. ఉచ్చుకి కుందేలని, కుక్కని, మేకపిల్లని తేడా తెలియదు.

ఫొటోలు తీసి ఓ ఆఫీసుకి ఫోన్ చేశాను. అది అడవి కాదు కదా, మా పరిధిలోకి రాదన్నారు. వాళ్లు చెప్పిన రెండో ఆఫీసుకి చేస్తే, చెరువు మాదే గానీ జంతువుల సంగతి మాది కాదన్నారు. మూడో చోట పాపం మర్యాదగానే మాట్లాడారు, లొకేషన్ పంపమన్నారు. పంపాను. ఎవరూ రాలేదు. ఆ జీనువాయిని కత్తెరతో విడిపించింది మా వాచ్‌మన్. ఎవరి ఉద్యోగాలూ పోగొట్టాలని నాకు లేదు కాబట్టి ఆ ఆఫీసుల పేర్లు రాయడం లేదు. తప్పు ఫోనెత్తిన మనిషిది కాదు కూడా. ఫలానా భూమిలో ఫలానా అధికారి జవాబుదారీ అని ఆ మనిషికి కాగితం మీద ఎవరూ చెప్పలేదు.

భూమి ఎవరిదన్న పంచాయితీ ఎంత దూరం పోతుందో కంచ గచ్చిబౌలిలో అందరం చూశాం. 400 ఎకరాలు అడవా, కాదా అని రాష్ట్రమంతా వాదించుకుంది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అక్కడ తిరిగే చుక్కల దుప్పి మన రాష్ట్ర జంతువు. ఆ భూమి రికార్డుల్లో చివరికి ఏమని తేలినా, దుప్పికి ఉచ్చు వేస్తే అది నేరమే. ఈ చిన్న సంగతి ఒప్పుకోవడానికి సర్వే నంబర్లు తేలేదాకా ఆగక్కర్లేదు.

పోలీసులకి కూడా ఇందులో పని ఉంది. ఈ చట్టం 50వ సెక్షన్ ప్రకారం సోదా చేసి, వలలు, ఉచ్చులు, జంతువుల్ని స్వాధీనం చేసుకునే అధికారం అటవీ అధికారులతో పాటు సబ్ ఇన్‌స్పెక్టర్‌కీ, ఆపై పోలీసు అధికారులకీ ఉంది. మన పేటలో స్టేషన్ ఎస్సైకి ఈ అధికారం ఉందని ఎంతమందికి తెలుసు? స్టేషన్‌కి వెళ్లి పిట్టల్ని పడుతున్నారని చెబితే నవ్వుతారేమోనన్న మొహమాటంతోనే సగం మంది వెళ్లరు.

కాబట్టి మంత్రి గారూ, నేను కొత్త చట్టం అడగడం లేదు. ఒక ఉత్తర్వు అడుగుతున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దానికి ఆనుకుని బయటా ఉన్న ప్రతి చెరువుకీ, కంచ భూమికీ, క్యాంపస్‌కీ, అర్బన్ ఫారెస్ట్ పార్కుకీ ఒక రేంజ్ అధికారి హోదాను రాసి పెట్టండి. భూమి ఏ శాఖదైనా సరే, వలా ఉచ్చూ అన్న మాట వస్తే కదలాల్సింది ఆ హోదాలో ఉన్నవారే అని చెప్పండి. దసరాకి ముందు ఒకసారి, చెరువులు ఎండే వేసవిలో ఇంకోసారి సిబ్బంది గట్ల వెంబడి నడిచి ఉచ్చులు ఏరాలి. పులుల అభయారణ్యాల్లో మీ వాళ్లు చేసే పనే ఇది, కొత్తగా నేర్పక్కర్లేదు. అమీన్‌పూర్ చెరువు 2016లోనే జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇక అడవి పందుల విషయం. ఇది రాయకపోతే చేవెళ్ల, వికారాబాద్ వైపు రైతులు నన్ను తిడతారు, తిట్టడం న్యాయమే. ఒక్క రాత్రిలో మక్క చేను, పల్లి చేను ఎలా దున్నేసినట్టు అవుతుందో వాళ్లకి తెలుసు. పంటకి నష్టం చేసే పందిని చంపడానికి చట్టంలోనే దారి ఉంది. 11వ సెక్షన్ కింద రాష్ట్రంలో వన్యప్రాణుల పై అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. చచ్చిన జంతువు మాత్రం ప్రభుత్వ ఆస్తి అవుతుంది. ఆ అనుమతి కోసం రైతు ఏ ఆఫీసుకి పోవాలి, ఎన్ని రోజుల్లో వస్తుంది, ఎవరు వచ్చి కాలుస్తారు అన్నది ఊళ్లో ఎవర్నడిగినా తలో మాట చెబుతారు. ఆలోగా పంట పోతుంది. అప్పుడు కరెంటు స్తంభానికి కొండీ తగిలించి చేను చుట్టూ తీగ లాగుతారు.

ఆ తీగ గురించి ఇంకొంచెం చెప్పాలి. సోలార్ ఫెన్సింగ్ మెషీన్ కూడా షాకే ఇస్తుంది గానీ, సెకనుకి ఒక్కసారి, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు. పంది ఎగిరి గంతేసి పారిపోతుంది, బతుకుతుంది. కొండీ తీగలో ఉండేది ఆగకుండా పారే 230 వోల్టులు. పట్టుకున్న చెయ్యి వదలదు. తెల్లవారుజామున మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతు, తీగ తానే కట్టి మర్చిపోయిన మనిషి, మేకల వెంట పోయిన పిల్లాడు, ఇలాంటి చావులు జిల్లా పేజీల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. పులి కూడా పోతోంది. విషమైతే ఇంకా అన్యాయం. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చనిపోతే, పశువు కళేబరంలో కలిపిన విషం వైపే వేళ్లు చూపించాయి. రైతుకి సోలార్ ఫెన్సింగ్ సగం ధరకి అందితే, అనుమతి వారంలో వస్తే, కొండీ ఎందుకు వేస్తాడు? ముందు ఈ రెండూ చేసి, తర్వాత కేసులు పెట్టండి.

పందుల్ని పూర్తిగా హానికర జంతువుల జాబితాలో వేయమనేవాళ్లూ ఉన్నారు. 62వ సెక్షన్ కింద కేంద్రం 2015, 2016లలో బిహార్‌లో నీల్‌గాయ్‌నీ పందినీ, ఉత్తరాఖండ్‌లో పందినీ, హిమాచల్‌లో కోతినీ కొంత కాలానికి అలా ప్రకటించింది. మన దగ్గర అది వద్దని నా అభిప్రాయం. అనుమతి కాగితమే అక్కర్లేని రోజు వస్తే చేను చుట్టూ ఉచ్చులే ఉంటాయి, అడిగితే పంది కోసం పెట్టామంటారు. దుప్పి పడ్డా అదే జవాబు, చిరుత పడ్డా అదే జవాబు.

పిట్టలు పట్టే కుటుంబాల మాటకొస్తే, వల వేసిన వాడి మీద కేసు రాసి చేతులు దులుపుకోవడం చాలా తేలిక. వీళ్లలో తరతరాలుగా వలే బతుకైన వాళ్లున్నారు. పిట్ట కూత విని మగదో ఆడదో చెప్పగలరు, గడ్డి ఒరిగిన తీరు చూసి ఏ జంతువు పోయిందో చెబుతారు. డబ్బు మిగిలేది వీళ్లకి కాదు, మధ్యలో కొని నగరానికి చేర్చేవాడికి. తమిళనాడులో పాముల చర్మాల వ్యాపారం ఆగిపోయాక, పాములు పట్టే గిరిజనులైన ఇరులర్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు ప్రభుత్వ అనుమతితో పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తున్నారు. పాముకాటు మందు తయారీకి ఆ విషం కావాలి. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచులు వాచర్లుగా పనిచేస్తున్నారు. హైదరాబాద్ చుట్టూ ఉచ్చులు ఏరే పనికి, చెరువుల దగ్గర పిట్టల లెక్కకి ఈ కుటుంబాల నుంచే మనుషుల్ని తీసుకోండి. ఉచ్చు ఎక్కడ పెడతారో వాళ్లకి తెలిసినంత మీ బీట్ ఆఫీసర్‌కి తెలియదు.

కొనేవాళ్ల గురించి రెండు ముక్కలు. లవ్ బర్డ్స్ అమ్మితే అది వేరు, అవి పంజరాల్లో పుట్టి పెరిగిన విదేశీ పిట్టలు. రామచిలుక, జీనువాయి, కంజుపిట్ట అడవివి. మన దేశపు అడవి పిట్టల వ్యాపారం 1990ల మొదట్లోనే నిషేధమైంది. పాతబస్తీలో పిట్టల బజారుకి పెట్టింది పేరు ముర్గీ చౌక్. దాని అసలు పేరు మహబూబ్ చౌక్, పులుల వేటకి పేరుపడ్డ ఆరో నిజాం పేరది. ఆయన రోజుల్లో వేట నవాబుల సరదా, ఇప్పుడు మన సరదా చిన్నదై పంజరంలో పట్టేంత అయింది. ఏ బజారులోనైనా సరే, ఏ పిట్ట అమ్మొచ్చో ఏది అమ్మకూడదో బొమ్మలతో ఒక బోర్డు లేకపోతే కొనేవాడికి తెలిసేదెలా?

ఇదే చట్టం 55వ సెక్షన్‌లో మాలాంటి వాళ్లకీ ఓ దారి ఉంచారు. 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. నోటీసుల దాకా పోవాలని నాకు లేదు, మీకు పనులు చాలా ఉంటాయని తెలుసు. ఈ దసరాలోగా కనీసం ఒక్కటి చేయండి. మా చెరువు గట్టు మీద ఇప్పటికే ఉన్న 'ఈతకు దిగరాదు' బోర్డు కింద ఇంకో రెండు లైన్లు, తెలుగులో, ఉర్దూలో: ఇక్కడ వలలు, ఉచ్చులు పెట్టడం నేరం, కనిపిస్తే ఈ నంబరుకి చెప్పండి. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తి, బయల్దేరి వచ్చే మనిషి ఉండాలి.

ఇట్లు,
చెరువు పక్కన ఉండే హైదరాబాద్ పౌరుడు